వరండాలో నిలబడిన పిల్ల

నరహరి మాస్టారికి సలహాలిచ్చే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే, తాను ఎప్పుడో చేసిన పొరపాటు ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఒకప్పటి ఆయన శిష్యురాలు హైమవతికి జాంబియాలో టీచరు ఉద్యోగం వచ్చింది. ప్రయాణానికి ముందు ఆమె వచ్చి, "పరాయి దేశపు పిల్లల్ని అదుపులో పెట్టడం ఎలా మాస్టారూ?" అని అడిగినప్పుడూ అదే జరిగింది.

మాస్టారు ముప్పై రెండో ఏట లెక్కలు చెప్పడానికి ఇథియోపియా వెళ్ళారు. కొండల్లో చిన్న ఊరు. బడిలో పాఠాలు ఇంగ్లీషులోనే. వెళ్ళిన వారంలోనే, ముందు బెంచీలో కూర్చునే జెనెత్ అనే పిల్ల ఆయనకు కొరకరాని కొయ్య అయింది. "అర్థమైందా?" అని అడిగినప్పుడల్లా, మిగతావాళ్ళు కొత్త మాస్టారంటే బెరుకుతో నోరు మెదపకపోయినా, ఆ పిల్ల ఉలిక్కిపడ్డట్టు "హ్" అని గాలి లోపలికి పీల్చేది. వెక్కిరింత అనుకున్నారాయన. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు దగ్గరికి పిలిచి, "ఇంకెప్పుడూ అలా చెయ్యకు. తెలిసిందా?" అన్నారు.

జెనెత్ తల వంచుకుని, ఎంతో వినయంగా, "హ్" అంది.

ఆ పిల్లను వరండాలో నిలబెట్టారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు జెనెత్ బడికి రాలేదు. తండ్రి లేని పిల్ల అనీ, మాస్టారికే అక్కర్లేనప్పుడు చదువెందుకని తల్లి మాన్పించేస్తోందనీ తోటి టీచరు తస్ఫాయె చెప్పాడు. తప్పు తనది కాదని నమ్ముతూనే, అతన్ని వెంటబెట్టుకుని మాస్టారు ఆ ఇంటికి వెళ్ళారు.

తల్లి లేచి పీట వేసింది. అప్పటికప్పుడు గింజలు వేయించి, కాఫీ కాచి ఇచ్చింది. మాస్టారు కూతురి మీద ఫిర్యాదు చెబుతుంటే తస్ఫాయె దాన్ని ఆవిడ భాషలో వినిపించాడు. ఒక్కో మాటకీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ "హ్" అని గాలి పీలుస్తోంది. మాస్టారికి కంగారు పుట్టింది.

"ఆవిడకు ఆయాసమా?" అని అడిగారు.

"లేదే," అన్నాడు తస్ఫాయె ఆశ్చర్యంగా. "మీరు చెప్పినదానికి అవునంటోంది. ఇక్కడ మేం అవుననేది ఇలాగే."

మాస్టారు కప్పు కింద పెట్టేశారు. గుమ్మం పక్కన నిలబడ్డ పిల్ల వైపు తిరిగి, "ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు తల్లీ?" అన్నారు.

"చెప్పాను సార్," అంది జెనెత్. "మీరు అర్థమైందా అని అడిగిన ప్రతిసారీ అవుననే చెప్పాను."

మర్నాడు క్లాసు అందరి ముందూ మాస్టారు ఆ పిల్లను క్షమించమని అడిగారు. జెనెత్ మళ్ళీ బడికి వచ్చింది, పై చదువుకూ వెళ్ళింది. కానీ ఆయన ముందు మాత్రం ఇంకెన్నడూ అలా గాలి పీల్చలేదు. "ఎస్ సార్" అనేది, అంతే.

అంతా విని హైమవతి, "మరి అదుపు సంగతి చెప్పలేదు మాస్టారూ," అంది.

"ఆ పిల్లను బయట నిలబెట్టిన మూడు రోజులూ నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేదమ్మా," అన్నారాయన. "అంత అదుపు నా సర్వీసు మొత్తంలో మళ్ళీ చూడలేదు."