పకోడీ కొట్టు దొరబాబు

అనగనగా ఒక ఊళ్ళో, బస్టాండు ఎదురుగా, గవర్రాజు అనేవాడికి ఫాస్ట్‌ఫుడ్ కొట్టు ఉండేదే బుజ్జీ. కోడి పకోడీ, కోడి వేపుడు, అన్నీ కోడే. గుమ్మంలో నెత్తిన ఎర్ర టోపీతో ఒక పుంజు. పేరు దొరబాబు. ఖర్మ కాకపోతే, కోడి కూర అమ్ముకోడానికి కోడి చేతే పిలిపిస్తారా!

పుంజుల సంగతి నీకు తెలీదు కదూ? గింజ కనబడితే పుంజు వెంటనే తినదు. "కొక్ కొక్" అని ముందు పెట్టల్ని పిలుస్తుంది. గవర్రాజు నూకలు చల్లేవాడు, దొరబాబు వంగి వంగి పిలిచేవాడు. జనం పడీ పడీ నవ్వుతూ లోపలికి పోయేవారు. తనంటే అందరికీ ఎంత ముద్దో అని మురిసిపోయేవాడు, పిచ్చి సన్నాసి.

అప్పుడొక రోజు కొట్టుకి గంపలో కోళ్ళొచ్చాయి. వాటిలో చుక్క ఉంది. దొరబాబుతో పాటు ఒకే తల్లి రెక్కల కింద పెరిగిన పెట్ట. గంప దించుతుంటే తప్పించుకుని చెరుకురసం బండి కింద దూరింది. గవర్రాజు వెతికి వెతికి విసిగిపోయాడు. "ఒరే దొరబాబూ, నువ్వే పిలవరా" అని గుప్పెడు నూకలు చల్లాడు.

దొరబాబుకేం తెలుసు? చెల్లెలికి ఆకలేస్తోందనుకున్నాడు. ఒకసారి పిలిస్తే కదల్లేదు. రెండోసారికి తల బయటపెట్టింది. మూడోసారికి పరుగెత్తుకొచ్చింది. నూక నోట పెట్టుకుందో లేదో, గవర్రాజు రెక్కలు పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. సాయంత్రం పెరట్లో చుక్క ఈకలు చూశాడు దొరబాబు. అయ్యో తల్లీ!

ఆ తర్వాత నూకలు ముట్టలేదు. మర్నాడు మళ్ళీ గంప దిగింది, మూడు పెట్టలు జారుకున్నాయి. గవర్రాజు ధీమాగా నూకలు చల్లాడు.

అప్పుడు దొరబాబు మెడ నిక్కించి అరిచాడు. రమ్మని కాదే! నెత్తిమీద గద్ద తిరిగితే పుంజు పెట్టే కేక అది. పెట్టలు మూడూ తలోదిక్కూ పారిపోయాయి.

గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది. టోపీ పీకి పారేసి, దొరబాబుని కూడా పెరట్లోకే తీసుకుపోయాడు. ఆ తర్వాత గుమ్మంలో ప్లాస్టిక్ పుంజుని నిలబెట్టాడు. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. జనమూ నవ్వుకుంటూ లోపలికి పోతూనే ఉన్నారు.

ఆ మూడు పెట్టలా? బతికే ఉన్నాయిలే. ఎక్కడో నూకలు ఏరుకు తింటున్నాయి. రమ్మని పిలిచేవాడే లేడు.

ఇంక పడుకోవే బంగారూ...
కథేమో కంచికి,
కునుకేమో కంటికి.