ముప్పై ఒకటో పేజీ

ఎర్రయ్యకు కంప్యూటరు కొత్త. అందుకని తన పీహెచ్‌డీ గ్రంథానికి పేజీ నంబర్లు చేత్తోనే వేసుకున్నాడు. ఎంటర్ నొక్కుకుంటూ పేజీ అడుగుదాకా దిగడం, అక్కడ అంకె కొట్టడం. రెండొందల పన్నెండు పేజీలు, రెండు రోజులు. వలలు అల్లే ఇంట్లో పుట్టినవాడికి ఓపికకేం తక్కువ!

గ్రంథం జాలర్లు వల లాగేటప్పుడు పాడే పాటల మీద. ఎల్లుండి విశ్వవిద్యాలయంలో ఇచ్చెయ్యాలి. పొద్దున్నే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, తన చేత పరిశోధన చేయించిన కామేశం మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

మాస్టారు చదువుతూ చదువుతూ ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగారు.

“‘ఈ పాటలన్నీ ఒక వృద్ధురాలు పాడినవి’ అని రాశావు. ఎవర్రా ఆవిడ?”

“మా మేనత్తండి. పోలమ్మ. పోయిన వానల్లో కాలం చేసింది.”

“పేరు రాయలేదేం?”

ఎర్రయ్య తల దించుకున్నాడు. “సదువు రాని మనిషి కదండి. పెద్దోళ్ళు సదివి ఏటనుకుంటారో అని...”

“ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయి.”

“ఇప్పుడాండి! ఒక్క లైను కలిపినా నంబర్లన్నీ కిందికి జారిపోతాయి. మళ్ళీ రెండు రోజులు కూకోవాలి.”

మాస్టారికి కోపం రావలసిందే. రాలేదు. ఎర్రయ్య చేతిలో ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టారు. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఒకటో పేజీ నుంచి ఆ అంకెల్నీ, వాటి పైనున్న ఖాళీ వరసల్నీ చెరపడం మొదలుపెట్టారు. అదీ ఒంటి వేలితో.

“అయ్యో, నాను తీస్తానండి మాస్టారూ!”

“నీ పని నీ చేతిలో ఉంది.”

భోజనాల వేళ దాటింది. మాస్టారు నూట నలభయ్యో పేజీలో ఉన్నారు. ఎర్రయ్య కాగితం మీద రెండే మాటలు పడ్డాయి, సూరాడ పోలమ్మ అని. ఆ పేరు వంక చాలాసేపు చూశాడు. అత్త గొంతు గుర్తుకొచ్చింది. ఇసకలో కాళ్ళు తన్నిపెట్టి తాడు లాగుతూ ఆవిడ పాడుతుంటే, పక్కన బుట్టలో పడుకుని విన్న మొదటి పాట గుర్తుకొచ్చింది. తల్లి లేని పిల్లాడని తనకు చెంగు కప్పడం గుర్తుకొచ్చింది. ఇక పెన్ను ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే రాశాడు.

మాస్టారు చివరి అంకె చెరిపి, పైన ఇన్సర్ట్‌లో ‘పేజ్ నంబర్’ అన్నచోట నొక్కారు. అన్ని పేజీల అడుగునా అంకెలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి.

“ఇంతేనాండి?” అన్నాడు ఎర్రయ్య నోరు తెరిచి.

“ఇంతే.”

ఎర్రయ్య తన కాగితం చూసుకున్నాడు. రెండు వైపులా నిండిపోయింది. “నాలుగు ముక్కలన్నారు. మరీ ఎక్కువైపోయిందండి. తగ్గించమంటారా?”

మాస్టారు కళ్ళజోడు తీసి, పొద్దుటినుంచీ తెర చూసి నీళ్ళు కారుతున్న కళ్ళు ఒత్తుకున్నారు.

“పేజీల లెక్క అది చూసుకుంటుంది నాయనా. ఆవిణ్ణి నువ్వు చూసుకో.”

ఎర్రయ్య ఇంకో కాగితం అడిగాడు.