చేదోడు సంఘం కట్టించిన పడవ

అనగనగా, రాజులు గుర్రాల మీదా ప్రజలు కాలినడకనా తిరిగే రోజుల్లో, చిత్రవాహిని అనే ఏరు ఒకటి ఉండేది. ఆ ఏటికి ఇవతల పొన్నలరేవు అనే ఊరు. అవతల రాజుగారు కట్టించిన వైద్యశాల.

ఎండాకాలంలో ఆ ఏరు మోకాలి లోతే. పసిపిల్లలు సైతం ఆడుతూ పాడుతూ దాటేవారు. వానలు మొదలైతే మాత్రం ఒడ్లు ఒరుసుకుంటూ పారేది. అప్పుడిక వైద్యశాల కంటికి కనిపించేదే తప్ప కాలికి అందేది కాదు.

ఆ ఊళ్ళో చేదోడు సంఘం అని ఒకటుండేది. సంఘంవాళ్ళు ప్రతి పున్నమికీ ఇంటింటికీ తిరిగేవారు. ఎవరేమిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకునేవారు. ఒకరు చేటెడు బియ్యం ఇచ్చేవారు. ఒకరు గిద్దెడు నూనె ఇచ్చేవారు. ఏమీ లేనివాళ్ళు ఒక పూట పని చేసిపెట్టేవారు. అలా పోగైనదానితో వేసవిలో బాటసారులకు అంబలి పోసేవారు. గాలివానకు కప్పు ఎగిరిపోయిన ఇంటికి తాటాకు కప్పేవారు. దిక్కులేని మనిషి పోతే కట్టెలు పేర్చి సాగనంపేవారు.

సంఘానికి పెద్ద కామాక్షయ్య. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా గాజులమ్ముతూ తిరిగేవాడు. అతను తొక్కని గడప లేదు, అతనికి తెలియని కష్టం లేదు. అతనికి కుడిభుజం గవర్రాజు. గానుగ ఆడించి నూనె అమ్ముకునేవాడు. మాటంటే మాటే అనే మనిషి.

ఒక శ్రావణంలో, కుమ్మరి మల్లప్ప భార్య నీలవేణికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసి, అవతలి ఒడ్డుకు తీసుకుపొమ్మంది. నులకమంచం మీద పడుకోబెట్టి రేవుకు మోసుకొచ్చారు. ఏరు ఎర్రగా, సుడులు తిరుగుతూ పారుతోంది.

ఊరి బయట పల్లెలో చేపలు పట్టుకునేవాళ్ళుండేవారు. వాళ్ళలో పైడయ్య అనేవాడు ముందుకొచ్చి తన తెప్పను నీళ్ళలోకి తోశాడు. నీటి వాలు ఎలా ఉందో చూసి వస్తే మంచం ఎక్కించవచ్చని అతని ఆలోచన. ఏరు ఆ తెప్పను గిరగిరా తిప్పి రాళ్ళకేసి కొట్టింది. నలుగురూ కలిసి పైడయ్యను ఒడ్డుకు లాగారు.

ఇక చేసేదేమీ లేక అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. నీలవేణి చేతులకు ఆకుపచ్చ గాజులున్నాయి. సీమంతానికి కామాక్షయ్య తన చేతులతో తొడిగినవే. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ గాజులు మంచం పట్టెకు తగిలి గలగలమనేవి. పొద్దు వాలే వేళకు ఆ చప్పుడు ఆగిపోయింది.

మల్లప్ప ఏడవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆనాటి నుంచి అతని కుమ్మరి సారె తిరగలేదు.

కర్మకాండలు ముగిశాక కామాక్షయ్య సంఘాన్ని పిలిచాడు. "ఇన్నాళ్ళూ మనం అంబలి పోశాం, తాటాకు కప్పాం. మంచిదే. కానీ మన కళ్ళ ముందే ఒక తల్లీ బిడ్డా పోయారు. వచ్చే వరదలనాటికి ఈ రేవులో పడవ ఉండాలి" అన్నాడు.

"వరద నీటికి తట్టుకునే పడవంటే మాటలా అన్నా? అంత కలప ఎక్కడి నుంచి తెస్తాం?" అన్నాడు గవర్రాజు.

"అడుగుదాం. అడగడానికే కదా సంఘం ఉన్నది."

చలికాలమంతా ఇంటింటికీ తిరిగారు. ఇనుప మేకులు వచ్చాయి. మోకులు వచ్చాయి. వడ్రంగి కూలి లేకుండా చేస్తానన్నాడు. కలప మాత్రం దొరకలేదు.

అప్పుడు ఉప్పు వ్యాపారి రత్నశెట్టి కబురంపాడు. అతని కొట్టంలో ఏళ్ళ తరబడి ఎండిన టేకు దూలాలున్నాయి. రేపు కోస్తే ఎల్లుండి పడవకు పనికొచ్చే కలప.

"ఎంత కావాలంటే అంత తీసుకుపో, కామాక్షయ్యా" అన్నాడు శెట్టి.

కామాక్షయ్య చేతులు జోడించాడు. "మీ మేలు మరచిపోము శెట్టిగారూ. ప్రతిగా మీకేం కావాలి?"

"పెద్దగా ఏమీ లేదు. నా ఉప్పు బస్తాలు రేవుకు వచ్చిన రోజున ముందు అవి దాటాలి. తరువాతే తక్కినవాళ్ళు."

"రోగి ఒకరు రేవులో ఉంటే?"

"ఒక్క విడత ఆలస్యమైతే ఏమవుతుంది? వాన తగిలితే నా ఉప్పు కరిగిపోతుంది."

కామాక్షయ్యకు మంచం పట్టెకు తగిలిన గాజుల చప్పుడు చెవుల్లో వినిపించింది. "మనిషి ప్రాణం కూడా అలాంటిదే శెట్టిగారూ. క్షమించండి, ఈ కలప మేము తీసుకోలేము" అన్నాడు.

వెంట వచ్చిన గవర్రాజు దారిపొడుగునా తల వంచుకునే నడిచాడు.

మాఘమాసంలో కోట నుంచి పిలుపు వచ్చింది. ఆ సీమను ఏలే సామంతుడు భీమనాయకుడు. అతను కలప ఇస్తానన్నాడు, ఇనుము ఇస్తానన్నాడు, పడవ నడిపేవాళ్ళకు ఏటేటా జీతం కూడా ఇస్తానన్నాడు.

"ప్రభువులకు ప్రతిగా ఏం కావాలి?" అని అడిగాడు కామాక్షయ్య.

"పల్లెవాళ్ళు ఆ పడవ ఎక్కకూడదు. నా కలప మీద వాళ్ళ కాలు పడితే నేను ఒప్పుకోను."

కామాక్షయ్య వెంటనే కాదనలేకపోయాడు. ఆలోచించి మనవి చేసుకుంటానని సెలవు తీసుకున్నాడు.

కోట దాటగానే గవర్రాజు అతని చేయి పట్టుకున్నాడు. "ఒప్పుకో అన్నా. వాళ్ళకు తెప్పలున్నాయి. ముందు పడవ నీళ్ళలో పడనీ. తరువాత సంగతి తరువాత చూసుకుందాం."

"పల్లెలో కూడా కాన్పులవుతాయి గవర్రాజూ."

"మన ఊళ్ళో అంతకన్నా ఎక్కువవుతాయి. అందరినీ కాపాడలేకపోతే కొందరినైనా వద్దా?"

గవర్రాజు చెప్పింది నిజమేనేమో అనిపించింది కామాక్షయ్యకు. మర్నాడు ఉదయం మలారం భుజాన వేసుకుని పల్లెకు బయలుదేరాడు. విషయం వాళ్ళకు తానే మెల్లగా చెప్పి ఒప్పించాలనుకున్నాడు.

పైడయ్య భార్య పోలమ్మ గుడిసె ముందు చాప పరిచింది. చెంబుతో నీళ్ళిచ్చింది. "పడవ కట్టిస్తున్నారటగా గాజులయ్యా? మావాళ్ళు వంతులేసుకుంటున్నారు, ఎవరెవరు ఏ నెల తెడ్డు వేయాలో. కూలి ఏమీ వద్దంటున్నారు. వరద నీటి సంగతి మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?" అంది.

గుడిసె నీడలో పైడయ్య వల అల్లుతున్నాడు. ఎడమచేయి ఒక్కటే ఆడుతోంది. కుడిచేయి ఒళ్ళో ఉంది.

"నీ చేతికేమైంది పైడయ్యా?"

"ఆ రోజు రాళ్ళకు తగిలింది కదయ్యా. భుజం పైకి లేవడం లేదు. పోనీలే. ఆ తల్లి బ్రతికుంటే దీని సంగతే గుర్తుండేది కాదు."

కామాక్షయ్య వచ్చిన పని చెప్పకుండానే నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, లేచాడు. అక్కడి నుంచి నేరుగా కోటకు వెళ్ళాడు.

"ప్రభూ, ఎక్కేవాళ్ళను ఏరే పడవ మాకు వద్దు" అన్నాడు.

భీమనాయకుడు మొహం తిప్పుకున్నాడు. భటులు కామాక్షయ్యను కోట వాకిలి దాటించారు. ఆ సంగతి ఊరంతా పాకింది. కొందరు మెచ్చుకున్నారు. చాలామంది, వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకున్నాడని తిట్టుకున్నారు. తరువాతి పున్నమికి కొన్ని ఇళ్ళ తలుపులు తెరుచుకోలేదు.

ఒక సాయంత్రం మల్లప్ప వచ్చాడు. నీలవేణి పోయాక అతను ఒకరి గడపకు రావడం అదే మొదలు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు.

"మా కుండలు కాల్చే ఆవం వెనక టేకు చెట్లున్నాయి. నేను ఇల్లు కట్టుకునేటప్పుడు పనికొస్తాయని మా నాయన వేశాడు. కొట్టించు."

కామాక్షయ్య భయపడుతూనే అడిగాడు. "ప్రతిగా నీకేం కావాలి మల్లప్పా?"

"నాకేం కావాలి? ఇల్లెవరికోసం కట్టుకోను?"

"పోనీ, పడవకు నీలవేణి పేరు పెట్టుకుందాం."

మల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఎక్కేది నొప్పులు పడే ఆడమనిషి అనుకో. ఆ పేరు వింటే గుండె జారిపోతుంది. పేరేమీ వద్దు. పడవ దాటితే చాలు."

చెట్లు కొట్టారు. కానీ అది పచ్చి కలప. ఎండితే గాని పడవకు పనికిరాదు. వేసవంతా పలకలను ఎండబెట్టారు. ఊరివాళ్ళు పగలు తిరగేసేవారు, పల్లెవాళ్ళు రాత్రి కావలి కాసేవారు. పలకల సందులు పూడ్చడానికి మల్లప్ప గుగ్గిలం కాచేవాడు. జ్యేష్ఠం వెళ్ళాక వడ్రంగి ఉలి పట్టాడు. పడవకు వెన్ను లేచింది, పక్కటెముకలు లేచాయి.

ఆషాఢంలోనే, ఎవరూ అనుకోనంత ముందుగా, ఏరు పొంగింది.

అదే వారంలో గవర్రాజు తల్లి రమణాంబకు జ్వరం తగిలింది. ఎండాకాలంలో సంఘం తరఫున అంబలి పోసే చేయి ఆమెది. ఎగశ్వాస మొదలైంది. గవర్రాజు తల్లిని చేతుల మీద ఎత్తుకుని రేవుకు వచ్చాడు. పడవ ఒడ్డునే ఉంది. ఒక పక్క పలకలు ఇంకా బిగించలేదు. ఏటికి అవతల వైద్యశాల దీపం కనిపిస్తూనే ఉంది. రమణాంబ కొడుకు చేతుల్లోనే కన్నుమూసింది.

గవర్రాజు తలెత్తి కామాక్షయ్యను చూశాడు. "శెట్టి కలప తీసుకునుంటే ఈ పడవ ఈపాటికి నీళ్ళలో ఉండేది."

కామాక్షయ్య తనను తాను సమర్థించుకోలేదు. "ఉండేది, గవర్రాజూ" అన్నాడు.

ఆ తరువాత గవర్రాజు సంఘానికి రావడం మానేశాడు. కామాక్షయ్యకు నిద్ర పట్టేది కాదు. తాను చేసింది ధర్మమో మొండితనమో అతనికే తెలియలేదు. తెల్లవారితే మాత్రం రేవుకు పోయి, వడ్రంగికి పలకలు అందించేవాడు. చేయగలిగింది అదొక్కటే.

శ్రావణం మొదట్లో పడవ నీళ్ళలో పడింది. మొదట అనుకున్నంత పెద్దది కాదు. దాని మీద ఎవరి పేరూ లేదు.

రెండు రోజులు తిరగకుండానే బండివాళ్ళు ఒక ఆడమనిషిని రేవుకు తెచ్చారు. పాము కరిచిందట. బాట పక్కన పడి ఉందట.

"ఎవరావిడ?" అని అడిగారు జనం.

"తెలియదు. ఏ దేశమో, ఏ కులమో. మాట పడిపోయింది" అన్నారు బండివాళ్ళు.

ఆ వేళకు రత్నశెట్టి ఉప్పు బస్తాలు రేవు మెట్ల మీద దారికడ్డంగా ఉన్నాయి. మబ్బు దట్టంగా కమ్ముకొస్తోంది. శెట్టి ఆ ఆడమనిషి మొహం చూశాడు. నీలి రంగుకు తిరుగుతోంది. అతనే వంగి ఒక బస్తాను పక్కకు లాగాడు. కూలీలు తక్కినవి జరిపారు.

పల్లెవాళ్ళు తెడ్లు పట్టారు. పైడయ్య బాగున్న చేత్తో చుక్కాని పట్టాడు. "ఎవరైనా ఒకరు ఆవిడ తల పట్టుకోవాలి. పడవ ఊగుతుంది" అని కేకేశాడు.

ఏటి వైపు చూసి జనం వెనకాడారు. అప్పుడు గుంపును చీల్చుకుంటూ గవర్రాజు వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. పడవెక్కి, కూర్చుని, ఆమె తలను తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

పడవ కదిలింది. ఏరు దాన్ని పక్కకు నెట్టింది. పైడయ్య దాన్ని నీటి వాలుకు వదిలి, మళ్ళీ తిప్పి, ఏటవాలుగా అవతలికి పట్టించాడు. ఒడ్డున మల్లప్ప కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పడవ అవతలి రేవుకు తగిలిందని జనం చెప్పాకే కళ్ళు తెరిచాడు. అప్పుడు ఏడ్చాడు. కామాక్షయ్య అతని పక్కనే నిలబడ్డాడు, ఊరుకోమనలేదు.

మర్నాడు వాన వెలిశాక పడవ తిరిగి వచ్చింది. గవర్రాజు దిగి, కామాక్షయ్య దగ్గరికి వచ్చాడు.

"బ్రతుకుతుందన్నారు. వైద్యులు ఆమె పేరడిగారు. ఏ ఊరని అడిగారు. తెలియదన్నాను. మీకేమవుతుందని అడిగారు. దానికేం చెప్పాలో తోచలేదు."

గవర్రాజు ఏటి వైపు చూసి మళ్ళీ అన్నాడు.

"నీ మీద కోపం పోలేదన్నా. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా వస్తూనే ఉంటుంది. కానీ దొర మాట వినుంటే నిన్న చుక్కాని పట్టడానికి పైడయ్య ఉండేవాడు కాదు. శెట్టి మాట వినుంటే ముందు బస్తాలు ఎక్కేవి. ఆవిడ ఒడ్డునే పోయేది. ఆవిడ కూడా ఎవరో ఒకరికి అమ్మే అయి ఉంటుంది."

"కోపం ఉంచుకో గవర్రాజూ. నేను కాదనను. సంఘానికి మాత్రం రా."

"పున్నమికి వస్తాను" అన్నాడు గవర్రాజు.

వచ్చాడు కూడా. ఆ పున్నమికి మూసి ఉన్న ఇళ్ళ తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. ఆ తరువాత ఎన్నో వరదలు వచ్చాయి. పడవ ఊరివాళ్ళను దాటించింది, పల్లెవాళ్ళను దాటించింది, పేరు తెలియనివాళ్ళనూ దాటించింది.

కాబట్టి పిల్లలూ, నాకేమిటని అడిగి ఇచ్చేది బేరమవుతుంది. ఎవరని అడగకుండా, అవసరం ఒక్కటే చూసి ఇచ్చేదే సాయమవుతుంది.