చీల సంగతి చెప్పని ఎలుగుబంటి

కొండగోగుల అడవి ఎంత చిక్కటిదంటే, సోమవారం లోపలికి దూరిన ఎండ గురువారానికి గానీ బయటపడేది కాదు. అందులో ఎలుగుబంట్లు, దుప్పులు, అడవిపందులు, నెమళ్ళు, ఏదుపందులు, ఇంకా బోలెడు జీవాలు ఉండేవి. వాటిని లెక్కపెట్టడానికి కూర్చున్న గుడ్లగూబ ముసలిదైపోయింది గానీ లెక్క తేలలేదు.

అడవి మధ్య నుంచి ఒక పెద్దవాగు పారేది. వాగుకు ఇటువైపు పల్లం, అటువైపు మెట్ట. ఏటా వానాకాలంలో పల్లం మునిగిపోయేది. అందుకని తొలకరికి ముందే జంతువులన్నీ పిల్లల్నీ సామాన్లనీ బండ్లలో వేసుకుని వాగులోకి దిగి, అటు గట్టు ఎక్కి, మెట్టకు చేరేవి. ఆ దిగుడు మహా ఏటవాలు. పైన నిలబడి తుమ్మితే ఆ తుమ్ము జారి నీళ్ళలో పడి చప్పుడయ్యేది! నేను మాత్రం దాన్ని ఒంటికాలి మీద దిగాను. నమ్మనివాళ్ళు ఆ వాగునే అడగవచ్చు.

సరే, కథలోకి వద్దాం.

ఎలుగుబంటి గుబురయ్యకు ఒక పాత బండి ఉంది. ఎనిమిదేళ్ళు దానిలోనే తేనె కుండలు సంతకు లాక్కెళ్ళాడు. ఇప్పుడు కొత్త బండి చేయించుకున్నాడు. పాతది అమ్మేయాలనుకున్నాడు.

"నా బండి అంటే ఏమనుకున్నారు? ఒకసారి దాంతో సంతకు వెళితే, నా నీడ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది!" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ బండికి ఒక చిన్న తంటా ఉంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన కొట్టే మేకును చీల అంటారు. ఎడమ చక్రం చీల వదులు. అందుకని దిగుడు వచ్చినప్పుడల్లా గుబురయ్య పైన ఆగేవాడు. గుండ్రాయితో చీల మీద మూడు దెబ్బలు వేసి, అప్పుడు దిగేవాడు. ఎనిమిదేళ్ళుగా అలా కొట్టీ కొట్టీ, అది వీపు గోక్కున్నంత అలవాటైపోయింది. అది బండి లోపమన్న సంగతే అతను మరిచిపోయాడు.

పక్క అడవి నుంచి ఒక నక్క బేరానికి వచ్చింది. "వడ్రంగిపిట్టను పిలిపించి, ఇరుసు చూపించుకుని కొంటాను" అంది.

గుబురయ్యకు రోషం వచ్చింది. "నా బండికి పరీక్షా? పో, పో!" అని తరిమేశాడు.

నేరుగా తన స్నేహితుడు, అడవిపంది కోరన్న దగ్గరికి వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే బురదలో దొర్లినవాళ్ళు. గుబురయ్య బండి గట్టు ఎక్కలేక ఆగిపోతే, వెనక నుంచి మూతితో తోసేది కోరన్నే.

"ఒరేయ్ కోరన్నా, ఈ బండిని పరాయివాడి చేతిలో పెట్టడానికి మనసొప్పడం లేదురా. నువ్వే తీసుకో" అన్నాడు గుబురయ్య.

"ఎంతకిస్తావురా?"

"ఛీ! మన మధ్య బేరమేమిటి? నీకు తోచింది ఇయ్యి."

తోచింది ఇమ్మంటే తక్కువ ఇవ్వడానికి మొహం చెల్లదు కదా! కోరన్న వానాకాలం కోసం దాచుకున్న దుంపలన్నీ తవ్వి తెచ్చి పోశాడు. గుబురయ్య "ఎందుకురా ఇన్ని, ఎందుకురా ఇన్ని" అంటూనే అన్నీ ఎత్తుకెళ్ళాడు.

బండి ఇంటికి వచ్చింది. కోరన్న భార్య పోలమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏమయ్యా, ఆ ఎడమ చక్రం ఏదో కిటకిటమంటోంది."

"కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుని ఉంటుంది."

"వేళాకోళం కాదు. ఐదుగురు పిల్లల్ని అందులోనే దించాలి. వడ్రంగిపిట్ట టక్కయ్యకు ఒకసారి చూపిద్దాం."

"స్నేహితుడు ఇచ్చిన బండికి పరీక్ష పెట్టించనా? తెలిస్తే గుబురయ్య ఏమనుకుంటాడు?"

"ఏమనుకుంటాడో అని బండి ఎక్కితే, ఏమవుతుందో అని వణకాలి. పోనీ నువ్వే వెళ్ళి అడుగు."

కోరన్న గుబురయ్య గుహకు వెళ్ళాడు. చీమల సంగతి మాట్లాడాడు. వానల సంగతి మాట్లాడాడు. ఈ ఏడు తేనె ఎలా ఉందో అడిగాడు. చక్రం మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంత మొహమాటం తన జన్మలో ఎరగడు. ఆ మాట మింగేసి ఇంటికి వచ్చేశాడు.

"అడిగావా?" అంది పోలమ్మ.

"ఆ, ఈసారి తేనె బాగుందట" అన్నాడు కోరన్న.

అదే వారంలో దుప్పి చుక్కమ్మ కూడా తన పాత బండి అమ్మింది. కొన్నది ఎవరో కాదు, ఆమె మరిది సోగయ్య.

చుక్కమ్మ ముందుగా టక్కయ్యను పిలిచింది. టక్కయ్య ఇరుసు ఈ కొస నుంచి ఆ కొస దాకా ముక్కుతో కొట్టి చూశాడు. ఆ చప్పుడుకు ఏడు కొండల అవతల నిద్రపోతున్న పుట్టగొడుగులు కూడా లేచాయట! ధర కూడా అతనే చెప్పాడు. తరువాత చుక్కమ్మ మరిదిని పక్కన నిలబెట్టుకుని మొదలుపెట్టింది.

"కుడి చక్రం చీల అరిగింది, వాగు దిగే ముందు కొత్తది కొట్టుకో. అడుగు పలక వానకు కారుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ఎడమకు లాగుతుంది. ఇంకా..."

"వదినా, నువ్వు బండి అమ్ముతున్నావా, తిడుతున్నావా?" అన్నాడు సోగయ్య.

"రేపు నువ్వు నన్ను తిట్టకుండా, ఇవాళ నేనే దాన్ని తిడుతున్నాను. రాళ్ళు వేసుకుని ఒకసారి దిగుడు దాకా లాగి చూడు. నచ్చితేనే తీసుకో."

దారిన పోతున్న గుబురయ్య ఇది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్ని వంకలు నువ్వే చెప్పుకుంటే ఇక దానికి గడ్డిపోచ కూడా రాదు చుక్కమ్మా!"

"బండి పోతే పోయింది గుబురయ్యా. మరిది మిగలాలి కదా" అంది చుక్కమ్మ.

ఆ ఏడు తొలకరి నాలుగు రోజులు ముందే వచ్చేసింది. తెల్లవారేసరికి ఆకాశం ఎలుగుబంటి వీపులా నల్లగా ఉంది. పైన ఎక్కడో వాన పడి వాగు హోరుమంటోంది. జంతువులన్నీ దిగుడుకు పరుగెత్తాయి. గుబురయ్య కొత్త బండితో అందరికంటే ముందు అటు గట్టుకు చేరాడు.

సోగయ్య దిగుడు పైన ఆగాడు. బండి దింపి, కొత్త చీల తీసి కొట్టుకుంటున్నాడు.

వెనక నుంచి కోరన్న వచ్చాడు. బండిలో ఐదుగురు పిల్లలు, పక్కన పోలమ్మ.

"పక్కకు జరుగు సోగయ్యా! మాది గుబురయ్య బండి, ఆగే బండి కాదు!"

నిజమే, అది ఆగలేదు. సగం దిగేసరికి ఎడమ చీల ఎగిరిపోయింది. చక్రం ఊడి, ఒక్కటే గంతులేస్తూ వాగు దాటి, అటు గట్టున గుబురయ్య కాళ్ళ దగ్గర పడింది. బండి బోల్తా కొట్టింది. పిల్లలు ఐదుగురూ బురదలో జారారు. చిన్నది నీటి అంచు దాకా పోయింది. పోలమ్మ ఒక్క గెంతు గెంతి దాని చెవి పట్టుకుని ఆపింది. అయినా చిన్నదాని కాలు మడత పడింది.

నీళ్ళు పైకి వస్తున్నాయి. సోగయ్య గబగబా వచ్చి ఐదుగురినీ తన బండిలోకి ఎక్కించుకున్నాడు. ఆ బండి కారింది, ఎడమకు లాగింది, చుక్కమ్మ చెప్పిన వంకలన్నీ పెట్టింది. అయినా అందరినీ అటు గట్టుకు చేర్చింది. కోరన్న వెనక్కి తిరిగి చూసేసరికి గుబురయ్య బండి కనిపించలేదు. దాని మీద వాగు పారుతోంది.

గుబురయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అదేమిట్రా, పైన ఆగి చీల మీద మూడు దెబ్బలు వేయలేదా? నేను ఎనిమిదేళ్ళూ వేశాను కదరా!"

కోరన్న చిన్నదాని కాలు నిమురుతూ తల ఎత్తాడు. "ఈ మాట బండి ఇచ్చిన రోజు ఎందుకు చెప్పలేదు?"

"అది కూడా చెప్పాలా? నాకు అలవాటేగా..."

"అడగకపోవడం నా తప్పు. చెప్పకపోవడం నీది" అన్నాడు కోరన్న. పిల్లల్ని తీసుకుని మెట్ట వైపు నడిచాడు.

ఆ తరువాత అడవిలో ఎవరు ఏ బండి అమ్మినా, కొన్నా, ముందు చుక్కమ్మను పిలిచేవారు. ఆమె "బాగుంది" అంటే బాగున్నట్టే. సోగయ్య ఆ బండిని పన్నెండేళ్ళు లాగాడు. ఏటా మొదటి లేతగడ్డి మోపు వదిన వాకిట్లో దించాకే తన ఇంటికి వెళ్ళేవాడు.

మరి గుబురయ్య? మూడు రోజులు తేనె ముట్టలేదు. నాలుగో రోజు దుంపలన్నీ, ఒక్కటి కూడా తగ్గకుండా, కొత్త బండిలో వేసుకుని, మెట్ట మీద కోరన్న పొదకు బయలుదేరాడు. దారిలో గట్టు దగ్గర బండి ఆగిపోయింది. అలవాటు కొద్దీ "ఒరేయ్ కోరన్నా!" అని పిలవబోయి, నోరు మూసుకున్నాడు. దుంపలు దించి, బుట్ట తరువాత బుట్ట తలమీద మోసుకెళ్ళాడు.

కోరన్న బయటకు వచ్చాడు. దుంపలు తీసుకున్నాడు. చిన్నదాని కాలు నయమవుతోందని చెప్పాడు.

గుబురయ్య చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి కోరన్న గుమ్మంలో అతనికి వినిపించే మొదటి మాట ఒకటుంది. "లోపలికి రారా." ఆ రోజు ఆ మాట వినిపించలేదు.

నీతి: అయినవాళ్ళకు వస్తువు అమ్మేటప్పుడు దాని గొప్పకంటే ముందు దాని లోపం చెప్పాలి, అయినవాళ్ళ దగ్గర కొనేటప్పుడు మొహమాటపడకుండా అడగాలి.