పొట్టులో సముద్రం

ప్రశ్న అడిగినవాణ్ణి భాగీరథమ్మగారు ముందు నడిపిస్తారు. అది ఆవిడ అలవాటు. మోక్షం గురించి అడిగినా, మొగుడి గురించి అడిగినా "పద, అలా వెళ్ళొద్దాం" అని చెప్పులు తొడుక్కుంటారు. నోటుపుస్తకం విప్పుకుని ఉపన్యాసం కోసం కూర్చున్నవాళ్ళు చాలామంది కాళ్ళనొప్పులతో ఇంటికి పోయారు. వాళ్ళలో కొందరు ఆవిడకేమీ తెలియదని చెప్పుకుంటూ ఉంటారు. ఏమీ తెలియనివాళ్ళు కూర్చున్నచోటే గంటలకొద్దీ మాట్లాడగలరనీ, నడిపించాలంటే దారి తెలిసుండాలనీ వాళ్ళకి తోచదు.

ఆవిడ ఉండేది సముద్రానికి దగ్గరగా, కొబ్బరితోటల మధ్య ఉన్న మొగలిలంకలో. ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే త్రిమూర్తులు ఆవిడ శిష్యుడు. మంచివాడు. చదువుకున్న మంచివాళ్ళకుండే తొందర అతనికీ ఉంది. ఒక వేసవిలో పట్నంలో ఏదో సభకి వెళ్ళి 'చక్రీయ ఆర్థిక వ్యవస్థ' అనే మాట పట్టుకొచ్చాడు. ఒకరు పారేసింది ఇంకొకరికి సరుకు కావాలి, ఊళ్ళో ఏదీ చెత్తగా మిగలకూడదు, అదీ దాని సారం. మాట మంచిదే. మన అమ్మమ్మలు పేరు పెట్టకుండా చేసిన పనికి ఇప్పుడు పేరొచ్చింది, అంతే.

ఆ మాట పనిలో పెట్టడానికి అతనికి చోటు కూడా దొరికింది. ఊరి చివర కాలువ ఒడ్డున నూకరత్నం నడిపే పీచు మిల్లు ఉంది. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీసి తాళ్ళకీ పరుపులకీ పంపుతారు. ముప్పై మంది ఆడవాళ్ళు అక్కడే బతుకుతున్నారు. పీచు పోగా రాలే పొట్టు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఏళ్ళ తరబడి పోసిపోసి అది తాటిచెట్టు ఎత్తున గుట్ట అయింది. వాన పడితే దాంట్లోంచి డికాషన్ లాంటి నీళ్ళు కాలువలోకి దిగేవి, పక్కనున్న బావులు కూడా ఎరుపెక్కేవి. దీపావళి నాటికి గుట్ట లేకుండా పోవాలి, లేదా మిల్లు మూసెయ్యాలి అని పంచాయతీ ప్రెసిడెంటు కాగితం ఇచ్చాడు. ఆయన్ని తిట్టడానికి లేదు. ఆ బావినీళ్ళు తాగేవాళ్ళలో మిల్లు ఆడవాళ్ళూ ఉన్నారు, మోసేదీ వాళ్ళే.

త్రిమూర్తులు ఎవర్నీ అడగలేదు. ఏటికి అవతల మంగాయమ్మ నర్సరీ ఉంది. మొక్కల సంచుల్లో నింపడానికి ఆవిడ ఎక్కడెక్కడినుంచో మట్టి తెప్పించుకుంటుంది. పొట్టు తేలిక, నీళ్ళు పట్టి ఉంచుతుంది, వేరు సులువుగా పాకుతుంది. ఇదంతా అతను పుస్తకంలో చదివాడు. చదివింది అబద్ధం కాదు. తానే ట్రాక్టరు మాట్లాడి, రెండు లోడ్లు తీసికెళ్ళి, ఆవిడ వద్దు వద్దంటున్నా ఒప్పించి కనకాంబరం నారుకి పోయించాడు. పది రోజులకి ఆకుల అంచులు మాడాయి. పదిహేనో రోజుకి మళ్ళు మళ్ళే ఎండిన గడ్డిలా పడిపోయాయి.

చూడ్డానికి వెళ్ళిన త్రిమూర్తుల్ని మంగాయమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మజ్జిగ కూడా ఇచ్చింది. ఆ తర్వాత అంది: "మీ ఊరి పెంట మా ఊళ్ళో పోసి దానికి సైన్సని పేరెట్టారు. బావుందండి మేష్టారూ. ఇంక గేటు దాటకండి."

ఆ మజ్జిగ గొంతు దిగకుండానే అతను భాగీరథమ్మగారి దగ్గరికొచ్చి పడ్డాడు. పుస్తకం తప్పా, తాను తప్పా, ఊరు తప్పా అని చాలాసేపు వాపోయాడు. చివరికి అసలు ప్రశ్న అడిగాడు. "అమ్మా, ఒకరు వద్దనుకున్నది ఇంకొకరికి కావలసింది ఎలా అవుతుంది? ఊరు ఊరంతా అలా తిరగాలంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?"

ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు.

నడిపించింది పల్లాలమ్మ ఇంటికి. పల్లాలమ్మకి డెబ్భై దాటాయి. కళ్ళు సరిగ్గా ఆనవు. మిల్లు రాకముందు చేత్తో తాళ్ళు పేనిన మనిషి. ఆవిడ పెరట్లో తోటకూర, బచ్చలి, ఆనపపాదు, అన్నీ నల్లటి పొట్టులోనే కళకళలాడుతున్నాయి. త్రిమూర్తులు వంగి పిడికిట్లోకి తీసుకుని చూశాడు. అదే పొట్టు. నూకరత్నం మిల్లుదే.

ఏ మందు కలిపావని అడిగాడు. పల్లాలమ్మకి అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా తెలిసిందేమంటే, ఆవిడ చేసేది పెద్ద పనేం కాదు. తొలకరికి ముందు పొట్టు తెచ్చి చూరు కింద పలచగా పరుస్తుంది. వానాకాలమంతా చూరునీళ్ళు దానిమీద పడతాయి. నాలుగు రోజులకోసారి తిరగేస్తుంది. పిడికెడు తీసి పిండి, కారిన చుక్క నాలుక మీద వేసుకుని చూస్తుంది. ఉప్పదనం, వగరు పోయేదాకా మొక్కకి చూపించదు. చెబుతూ చెబుతూనే అప్పుడే తెచ్చిన తట్టలోంచి ఒక గుప్పెడు చెంబునీళ్ళలో తడిపి, పిండి, నాలుక మీద వేసుకుని ఊసేసింది.

"ఇందులో ఇంకా సముద్రం ఉంది. పసిమొక్క నోట్లో సముద్రం పోస్తే బతుకుద్దా బాబూ?"

మేష్టారు సైన్సు మేష్టారే కాబట్టి అర్థమైంది. అర్థమవగానే రెండో భయం పట్టుకుంది. గుట్టంతా కడిగితే ఆ నీళ్ళు పోయేది మళ్ళీ కాలువలోకే కదా అన్నాడు. పల్లాలమ్మ అతన్ని జాలిగా చూసి, చూరునీళ్ళు పారే చిన్న బోదె ఎక్కడికి పోతోందో చెయ్యి చాపి చూపించింది. పెరటి చివర నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఒక్కోదానికి గెలలు మెడకి బరువయ్యేటన్ని ఉన్నాయి.

"కొబ్బరిమొక్క పాతేప్పుడు గోతిలో ఉప్పెయ్యరా మీ ఇంట్లో? దాని ఉప్పు దానికే పోద్ది."

లంకలో పుట్టిన ప్రతివాడికీ ఉప్పు వేసే సంగతి తెలుసు. త్రిమూర్తులికీ తెలుసు. తెలిసిన రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఒక చదువులేని ముసలమ్మ కావలసి వచ్చింది. సభల్లో ఈ విద్య ఎవరూ నేర్పరు. ఆవిణ్ణి సభకి పిలిచిందీ లేదు.

ఆ తర్వాత జరిగిన కష్టం పల్లాలమ్మది కాదు, మిల్లు ఆడవాళ్ళది. మిల్లు పక్కనున్న పెద్ద కొబ్బరితోట ప్రెసిడెంటుగారిదే. పొట్టు అందులో పరిచి కడుగుతామని అడిగితే, ఎర్రనీళ్ళు తన తోటలోకా అని ఆయన మొదట మండిపడ్డాడు. నూకరత్నం వాదించలేదు. మర్యాదగా పల్లాలమ్మ పెరటికి తీసికెళ్ళి ఆ నాలుగు చెట్ల కింద నిలబెట్టింది. ఆయన గెలలు లెక్కపెట్టుకుని, తన తోట తలుచుకుని, గొంతు సవరించుకుని సరేనన్నాడు. గడువు మాత్రం తగ్గదన్నాడు.

చెట్ల వరసల మధ్య మళ్ళు కట్టారు. రోజూ పనికి ముందు ఒక గంట ముప్పై మందీ తట్టల్తో పొట్టు మోశారు. శ్రావణం వాన, భాద్రపదం వాన దానిమీద పడ్డాయి. కొంగులు బిగించి, మోకాలి లోతు పొట్టులో పారల్తో తిరగేశారు. "పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని స్నానాలు చేయించం" అని ఒకావిడ నవ్వించేది. త్రిమూర్తులు కూడా పార పట్టాడు. మొదటిరోజు అరచేతులు బొబ్బలెక్కితే ఆడవాళ్ళు చూసి, చాక్‌పీసు పట్టిన చెయ్యి కదా అని నవ్వి, పసుపు రాసి పంపించారు. తర్వాత మళ్ళీ అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు. పల్లాలమ్మని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మడి మడికీ నడిపిస్తే, ఆవిడ పిడికెడు పిండి, నాలుక మీద వేసుకుని, ఉప్పు ఇంకా ఉందనో, పోయిందనో చెప్పేది. ఉప్పు పోయిందని ఆవిడ చెప్పిన మడి తప్ప ఇంకోటి ఎత్తలేదు. నూకరత్నం ఆవిడ పక్కనే తిరిగి, ఆవిడ ఊసిన చోటల్లా తానూ ఊసి ఆ రుచి నేర్చుకుంది. కాలువ నీళ్ళు ఆ ఏడాది వానల్లో మొదటిసారి కాలువ నీళ్ళలా పారాయి.

ఆశ్వయుజం వచ్చేసరికి గుట్ట నేలమట్టమైంది. కానీ తోటలో కడిగిన పొట్టు కొండలా పేరుకుంది. తీసుకునేవాళ్ళు లేకపోతే అది చోటు మారిన చెత్తే, ప్రెసిడెంటు ఆ మాట మొహమాటం లేకుండా అన్నాడు. దీపావళికి ఇరవై రోజులుంది. నూకరత్నం ఒక తట్టెడు పొట్టు నెత్తిన పెట్టుకుని, బళ్ళని కూడా దాటించే పంటు మీద ఏరు దాటి, మంగాయమ్మ గేటు బయట దింపింది. లోపలికి పిలవమని అడగలేదు. "తడిపి పిండి, నాలుక మీద వేసి చూసుకోండి. నచ్చకపోతే ఇక్కడే పారబొయ్యండి" అని ఖాళీ చేతుల్తో తిరిగొచ్చేసింది.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. అవతలి ఒడ్డునుంచి ఉలుకూ పలుకూ లేదు. మిల్లు ఆడవాళ్ళు వేరే పని ఎక్కడ దొరుకుతుందో చాటుగా మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఇద్దరు చేపల కంపెనీకి వెళ్ళి అడిగొచ్చారు కూడా. దీపావళి ముందు మూడో రోజున త్రిమూర్తులు ఆగలేకపోయాడు. ట్రాక్టరు మాట్లాడేశాననీ, మంగాయమ్మ కాళ్ళమీద పడైనా నాలుగు లోడ్లు దింపొస్తాననీ భాగీరథమ్మగారితో చెప్పాడు. ఆవిడ తోటలో చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇతన్ని ఎప్పుడూ నడిపించే మనిషి ఆ రోజు ఒక్క మాటే అన్నారు.

"కూర్చో."

కూర్చున్నాడు. ఎంత కష్టంగా కూర్చున్నాడో చూసినవాళ్ళు చెబుతారు. ముళ్ళకంప మీద కూర్చున్నవాడే నయమట. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ కూర్చోబెట్టారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి తోట గట్టు మీద లారీ ఒకటి వెనక్కి వెనక్కి వస్తూ కనిపించింది. దాని ముందు నడుస్తూ డ్రైవరుకి చెయ్యి ఊపుతున్నది మంగాయమ్మ.

వచ్చాక ఆవిడ మేష్టార్ని పలకరించలేదు. తిన్నగా మళ్ళ దగ్గరికి పోయి, చెంబుతో నీళ్ళడిగి, పిడికెడు తడిపి పిండి నాలుక మీద వేసుకుంది. ఇంకో మడి దగ్గర కూడా అంతే. మూడో మడి దగ్గర ఊసేసి, ఇది వద్దంది. అది మిల్లులోంచి వారం కిందటే వచ్చిన కొత్త పొట్టని నూకరత్నం ఒప్పుకుంది. అప్పుడు మంగాయమ్మ మొహం కాస్త విచ్చుకుంది. తట్టెడు పొట్టులో చేమంతి నారు పోశాననీ, ఇంత వేరు తన చేతిమీదుగా ఎన్నడూ చూడలేదనీ చెప్పి, ఈ రెండు మళ్ళూ ఇవాళే ఎత్తమంది. మిగతా కొండనీ, ఇకపై కడిగినదాన్నీ తానే వచ్చి తీసుకుపోతుందట. ఇంకెవరికైనా మాటిచ్చారా అని అనుమానంగా అడిగింది కూడా. ముప్పై మంది ఆడవాళ్ళు తట్టలందుకున్నారు. ప్రెసిడెంటు చూడ్డానికొచ్చి, చూస్తూ నిలబడలేక, తానూ ఒక తట్టకి చెయ్యి వేశాడు.

త్రిమూర్తులు మాత్రం చాప పక్కనే ఉండిపోయాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, బుర్రకి మాత్రం ఇంకా లెక్క తేల్చుకోవాలనే ఉంది. వాన కడిగింది, చెట్టు ఉప్పు తీసుకుంది, ముసలావిడ నాలుక చెప్పింది, ఇంతమంది మోశారు. "వీటిల్లో నేనడిగినదానికి జవాబు ఏదమ్మా?" అన్నాడు.

భాగీరథమ్మగారు చాప మడిచి చంకలో పెట్టుకున్నారు.

"అప్పుడు ట్రాక్టరు నువ్వు మాట్లాడావు. ఆ లారీ ఎవరు తెచ్చుకున్నారో చూశావా నాయనా?"