మూడు మీటలు పలకని పియానో

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటో నన్నడగకండి, మా ముత్తవ్వకే తెలియదు. సముద్రం ఒడ్డున పగడాలరేవు అని ఒక పట్టణం ఉండేది. అందులో కొండలయ్య అనే నూనె వర్తకుడు కాపురముండేవాడు. ఇంటి ముందు కొట్టు, ఇంటి వెనక గానుగ. గానుగ తిప్పడానికి బసవడు అనే ముసలి ఎద్దు.

గానుగంటే మీకు తెలుసో లేదో. పెద్ద రోలు, అందులో నిలువెత్తు రోకలి, ఆ రోకలికి కట్టిన ఎద్దు. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే నువ్వులు నలిగి నూనె దిగుతుంది. కళ్ళు తిరగకుండా ఎద్దుకు గంతలు కడతారు. అది తిరిగినంతసేపూ గానుగ కిర్రుమంటూనే ఉంటుంది. ఆ చప్పుడులో పక్క మనిషి మాట కూడా వినపడదు. అందుకని ఆ ఇంట్లోవాళ్ళు చేతులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. గుప్పిట నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. అరచెయ్యి బోర్లిస్తే ఆగమని. వేళ్ళు మడిచి ఊపితే ఇలా రమ్మని.

ఆ చప్పుడును మించి నోటితో మాట్లాడగల మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమె కొండలయ్య భార్య నీలవేణి. నువ్వులు చెరుగుతూ ఆమె గొంతెత్తి పాడుతుంటే గానుగే ఓడిపోయేది. ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆమె పోయింది. గానుగ మాత్రం ఆగలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, పేరు వకుళ. తల్లి పోయాక ఆ పిల్లతో నోరు విప్పి మాట్లాడేవాళ్ళు లేకపోయారు. అలాగని కొండలయ్య చెడ్డవాడు కాదు. పొద్దున్నే కూతురికి తలకు నూనె పెట్టి జడ వేసేవాడు. వేడన్నంలో నెయ్యి వేసి పెట్టేవాడు. అన్నీ చేసేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. పని ఆపితే భార్య గుర్తొస్తుందని పని ఆపేవాడు కాదు.

వకుళ గానుగ పక్కన కూర్చుని ఎద్దుకు కబుర్లు చెప్పేది. ఎద్దు దగ్గరకు వచ్చినప్పుడు మాట మొదలుపెట్టేది. అది అవతలికి పోయేసరికి సగం మాట మిగిలిపోయేది. మళ్ళీ వచ్చేదాకా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఎదురుచూసేది. ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ మనసు పాడవుతుంది.

నీలవేణి సంవత్సరీకానికి ఆమె అక్క బంగారమ్మ పొరుగూరి నుంచి వచ్చింది. ఉన్న రెండు రోజులూ పిల్లను కనిపెట్టి చూసింది. బయలుదేరే ముందు కొండలయ్యను పిలిచింది.

"మరిదీ, పిల్ల నాతో కూడా చేతులతోనే మాట్లాడుతోంది. చూశావా?"

"గానుగ ఇంట్లో అలవాటే కదా వదినా."

"ఇది అలవాటు కాదు. దానికి మాటలు మరుపుకొస్తున్నాయి. నాతో తీసుకుపోతాను. నాకూ పిల్లాజెల్లా లేరు, కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను."

"దాన్ని కూడా తీసుకుపోతే ఈ ఇంట్లో నేనెలా ఉండను వదినా?" అన్నాడు.

"వానలు వెనకపట్టాక మళ్ళీ వస్తాను. అప్పటికి ఈ ఇంట్లో సందడంటూ కనపడితే నా దారిన నేను పోతాను. లేకపోతే పిల్ల నాతో వస్తుంది. ఇది నా మాట" అంది బంగారమ్మ.

ఆనాటి నుంచి కొండలయ్యకు ఒకటే ధ్యాస. ఇంట్లోకి సందడి ఎక్కడి నుంచి తేవాలి? నూనె పోయడానికి కలవారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు అతనొక సంగతి గమనించాడు. సందడిగా ఉన్న ఇంట్లోనల్లా ఓడల మీద వచ్చిన పియానో ఉంది. నల్లని, తెల్లని మీటలు నొక్కితే పలికే పెద్ద పెట్టె వాద్యం అది. ఆ పెట్టె ఉండబట్టే సందడి అనుకున్నాడు అమాయకుడు. కొత్తది కొనాలంటే రాజుగారికే చెల్లుతుంది కాబట్టి, వాడిన పియానో కోసం బయలుదేరాడు.

మొదట రేవులో ఓడ సరుకులమ్మే షావుకారు దగ్గరికి వెళ్ళాడు. అతని పియానో అద్దంలా మెరుస్తోంది. ఏ మీట నొక్కినా ఖంగుమని పలుకుతోంది. ధర వినగానే కొండలయ్య ఉత్తరీయం సర్దుకుని బయటికొచ్చాడు.

తరువాత వేలంపాటలు పాడే పరంధామం దగ్గరికి వెళ్ళాడు. "కారుచవక, కొత్తదానికి ఏమీ తీసిపోదు" అన్నాడు పరంధామం. పైన కొత్త రంగు నిగనిగలాడుతోంది. కొండలయ్య మూత ఎత్తి చూస్తే లోపల సగం చెక్క, సగం చెదలు.

చివరికి ఒక సందులో ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ పియానో అమ్ముతోందని తెలిసి అక్కడికి వెళ్ళాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, ముందే సంగతి చెప్పేసింది.

"మూడు మీటలు పలకవు నాయనా. లోపల తీగలను కొట్టే వాటి సుత్తులు విరిగిపోయాయి. బాగుచేసేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. అందుకే చవగ్గా ఇస్తున్నాను."

"మిగతావి బాగానే పలుకుతున్నాయి కదమ్మా. నువ్వే ఉంచుకోకూడదూ?"

"వాయించేదాన్ని నేను, వినేది మా ఆయన. ఆయన పోయాక వాయిస్తుంటే ఇల్లు ఇంకా ఖాళీగా అనిపిస్తోంది. నా వల్ల కావడం లేదు."

లోపం దాచకుండా చెప్పిందని కొండలయ్య ఆవిడను నమ్మాడు. చవగ్గా వచ్చిందని సంతోషించాడు. ఆవిడ చివర అన్న మాట మాత్రం అతని తలకెక్కలేదు. ఎక్కితే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

పియానోను బండి మీద ఇంటికి తెచ్చారు. కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి ముందు గదిలోకి దించారు. వకుళ మొహం విచ్చుకుంది. కొండలయ్య ఆ పెట్టెనూ కూతురినీ వేలితో చూపించాడు. నీకే అని అర్థం. చూపించి గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు.

వకుళ ఒక్కొక్క మీటే నొక్కుతూ తల్లి పాడిన పాట వెతుక్కుంది. నాలుగు స్వరాలు దొరకగానే పెరట్లోకి పరుగెత్తింది. తండ్రి పంచె పట్టుకుని లాగి, రమ్మని వేళ్ళు ఊపింది. కొండలయ్య అరచెయ్యి బోర్లించాడు. మర్నాడు వచ్చి పిలిచింది, మళ్ళీ అరచెయ్యి బోర్లించాడు. ఆ తరువాత ఆ పిల్ల పిలవడం మానేసింది. కొన్నాళ్ళకు వాయించడమూ మానేసింది.

పియానో మూత వేసి ఉండటం కొండలయ్య చూశాడు. పలకని ఆ మూడు మీటల వల్లే పిల్ల వాయించడం లేదనుకున్నాడు. ఇక నూనె వర్తకుడు ఏం చేస్తాడు? ఆ ఇంట్లో తలుపు కిర్రుమంటే నూనె. బండి ఇరుసు బిగిస్తే నూనె. చెవిపోటుకు నూనె, మోకాళ్ళ నొప్పికి నూనె. నూనెకు లొంగని జబ్బు లోకంలో లేదని వాళ్ళ తాతముత్తాతల నాటి నమ్మకం. కొట్లో ఉన్నవాటిలో మేలైన నువ్వుల నూనె చెంబుడు తెచ్చి, మీటల సందుల్లో ప్రేమగా పోశాడు.

చెక్క నూనె తాగి ఉబ్బింది. సుత్తుల మీది మెత్తటి ఉన్ని ముద్ద కట్టింది. మూడు మీటలు పలకని పియానో మొత్తానికే మూగబోయింది. వకుళ వచ్చి ఆ చివర నుంచి ఈ చివర దాకా నొక్కి చూసింది. ఏడవలేదు, అలగలేదు. వెళ్ళి ఎద్దు పక్కన కూర్చుంది. ఆ రోజు ఎద్దుకు కూడా కబుర్లు చెప్పలేదు.

వానలు వెనకపట్టాయి. బంగారమ్మ వచ్చే రోజు దగ్గరపడుతోంది. కొండలయ్యకు అన్నం సహించడం లేదు. చివరికొక నిర్ణయానికి వచ్చాడు. ఎద్దును అమ్మేసి, చాలనిదానికి అప్పు చేసి, షావుకారు దగ్గరున్న ఆ మెరిసే పియానో తెద్దామనుకున్నాడు. గానుగ ఆపి, బసవడి గంతలు విప్పి, పలుపు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు ఎద్దు నోరు విప్పింది. ఎద్దు మాట్లాడుతుందా అని అడిగే పిల్లలుంటే ఇక్కడే లేచి వెళ్ళి పడుకోవచ్చు.

"అయ్యా, గంతలు విప్పావు కాబట్టి ఒక మాట చెప్పి వస్తాను. ఇన్నాళ్ళూ ఎంతో దూరం నడుస్తున్నాననుకున్నాను. ఇప్పుడు చూస్తే ఉన్నచోటనే ఉన్నాను. నువ్వూ అలాగే తిరుగుతున్నావు. నీ కళ్ళకు గంతలు ఎవరూ కట్టలేదు."

"నేను చేసేదంతా నా బిడ్డ కోసమే" అన్నాడు కొండలయ్య.

"నీ బిడ్డ నాకు చాలా కబుర్లు చెప్పింది. అన్నీ నీకు చెప్పవలసినవే. తిరుగుతూ తిరుగుతూ నేను సగం సగం విన్నాను. ఒకసారి వెనక్కి చూడు."

కొండలయ్య వెనక్కి చూశాడు. గుమ్మంలో వకుళ నిలబడి ఉంది. ఎద్దును తోలుకుపోతున్నాడని తెలిసి, వద్దని చెయ్యి అడ్డంగా ఊపుతోంది. ఉన్న ఒక్క నేస్తమూ పోతోందని ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. కొండలయ్య చేతిలో నుంచి పలుపు జారిపోయింది.

ఆ రోజు గానుగ మళ్ళీ తిరగలేదు. కొండలయ్య తవుడు బస్తా విప్పాడు. ఒలికిన నూనెను పొడి తవుడు పీల్చుకుంటుందని గానుగ ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక్కొక్క మీటనూ దాని సుత్తినీ ఊడదీసి, తవుడుతో రుద్ది, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టసాగాడు. కూతురు అటువైపు కూర్చుంది. తండ్రి గుడ్డ కావాలని వేళ్ళతో సైగ చేశాడు. వకుళ కదలలేదు.

"నాన్నా, గానుగ ఆగింది. నోటితో చెప్పు" అంది.

కొండలయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. ఏడాది పైబడి అతను కూతురి పేరు కూడా పలకలేదని అప్పుడు తెలిసింది. చాలాసేపటికి, "వకుళా, ఆ గుడ్డ ఇలా ఇయ్యమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఇద్దరూ ఏడ్చారు.

పని ముగిసేదాకా గానుగ ఆగే ఉంది. ఈలోగా వకుళ, ఎద్దు సగం విన్న కబుర్లన్నీ మొదటి నుంచి చెప్పింది. కొండలయ్య నీలవేణి పేరెత్తి, ఆమె సంగతులు చెప్పాడు. చెబితే గుండె పగులుతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. పగల్లేదు, నొప్పి మాత్రం పుట్టింది. పక్కన పిల్ల ఉండటంతో ఓర్చుకున్నాడు.

మీటలు ఎండాక మళ్ళీ బిగించారు. తక్కినవన్నీ పలికాయి, ఆ మూడూ పలకలేదు. వకుళ తల్లి పాట మొదలుపెట్టింది. పలకని మీట దగ్గర పాట తెగింది. ఆ తెగిన చోట కొండలయ్య గొంతు అందుకుంది. బొంగురు గొంతు, శ్రుతి సగమే కుదిరింది. వకుళ తలెత్తి తండ్రిని చూసి, తరువాతి మీట నొక్కింది.

ఆ వారంలోనే బంగారమ్మ బండి దిగింది. పిల్ల బట్టలు సర్దుకుపోవడానికి ఖాళీ పెట్టె కూడా తెచ్చుకుంది. ముందు గదిలోకి వచ్చి, తండ్రీకూతుళ్ళు పాట ముగించేదాకా నిలబడి విన్నది.

"బాగుందమ్మా. కానీ ఈ పియానోకు మూడు మీటలు పోయినట్టున్నాయి. మా ఊరు వచ్చెయ్యి. అన్ని మీటలూ పలికేది కొనిపెడతాను" అంది.

వకుళ తండ్రి వైపు చూడకుండా మెల్లగా జవాబు చెప్పింది.

"వద్దు పెద్దమ్మా. అన్నీ పలికితే నాన్న లేచి గానుగ దగ్గరికి వెళ్ళిపోతాడు."

ఆ మాట కొండలయ్య గుండెల్లో దిగబడింది. "వెళ్ళను తల్లీ" అన్నాడు. వకుళ నమ్మీ నమ్మనట్టు చూసింది. ఆ నమ్మకం కుదరడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నిటా అతను పొద్దువాలగానే గానుగ ఆపి, వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చునేవాడు.

బంగారమ్మ అన్న మాట మీద నిలబడింది. పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరి, ఖాళీ పెట్టెతోనే బండెక్కింది. పిల్ల లేని తన ఇంటికి ఒక్కతే వెళ్ళిపోయింది. పాపం, ఆవిడను తప్పుపట్టలేం.

కనుక పిల్లలారా, పెద్దలారా, ఒంటరితనం ఉన్న ఇంట్లోకి ఎంత మంచి వస్తువు కొని తెచ్చినా ఆ ఒంటరితనం పోదు, పక్కన మనిషి వచ్చి కూర్చుంటేనే పోతుంది.