దిబ్బ ఎక్కని బండి

ఓబులేసు తయారుచేసిన బండి దిబ్బ ఎక్కడం లేదు.

అది క్వాడ్ బండి. నాలుగు లావు టైర్లు, మధ్యలో ఒక పాత టూ స్ట్రోక్ ఇంజను, మోటారుసైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు. ఆదోని బయట, మూతపడిన కంకర క్వారీలో వానలు తగ్గాక మట్టి పందేలు జరిగేవి. గుంతల దారి. రెండో మలుపు తిరగగానే ఎదురుగా నిటారుగా ఎర్రమట్టి దిబ్బ. దానికొక పేరుండేది, నాకిప్పుడు గుర్తు రావడం లేదు. దిబ్బ అనే అంటాను.

మలుపులో వేగం తగ్గించక తప్పదు. ఆ తగ్గిన వేగం మీదే ఇంజను గట్టిగా లాగి దిబ్బ ఎక్కించాలి. మెకానిక్కులు దాన్ని పికప్ అంటారు. చదునైన నేల మీద ఓబులేసు బండికి ఎదురులేదు. దిబ్బ మొదట్లో మాత్రం నాలుగుసార్లు దగ్గి ఆగిపోయేది.

రెండు ఆదివారాలు అలాగే ఆగింది. రెండోసారి వెనక్కి జారి, నడుపుతున్న ఎలీషా మీద పడబోయింది. పక్కకు దూకాడు కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది.

ఎలీషా ఇసుక ట్రాక్టరు తోలే మనిషి. బండి అతనిదే. సోమవారం పొద్దున్నే దాన్ని మెకానిక్ షెడ్డుకు తోసుకొచ్చాడు.

"సౌండు కోటలు దాటుతాది ఓబులేసన్నా, చక్రం గడప దాటదు," అన్నాడు. "వచ్చే ఆదివారం ఆఖరి పందెం. ఈసారీ ఎక్కకపోతే బళ్లారి మెకానిక్కుల కాడికి తీసకపోతా. మళ్లీ నా మీదికి వస్తే ఈసారి మోచేత్తో పోదు."

"ఎక్కుతాది. నాదీ మాట," అన్నాడు ఓబులేసు.

మాటైతే ఇచ్చాడు గానీ, ఎందుకు ఎక్కడం లేదో అతనికి తెలియదు.

ఓబులేసుకు ముప్పై ఏళ్లు. పన్నెండేళ్లుగా ఆ షెడ్డు యజమాని దస్తగిరి దగ్గర పని చేస్తున్నాడు. షెడ్డులో అందరూ దస్తగిరిని ఉస్తాద్ అంటారు. కూతురి కాన్పుకని ఉస్తాద్ హోస్పేట వెళ్లిన పది రోజుల్లో ఓబులేసు ఈ ఇంజను తానొక్కడే తయారుచేశాడు.

టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ తిరిగే గొట్టాన్ని బోరు అంటారు. బోరు గోడలో పొగ పోయే కిటికీ ఒకటి ఉంటుంది. పైన మంట అంటుకుని పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ దిగుతూ దిగుతూ ఆ కిటికీ అంచు దాటగానే పొగంతా బయటికి పోతుంది. ఓబులేసు ఆ అంచును ఆకురాయితో పైకి అరగదీశాడు. చాలదన్నట్టు బోరు కింద ఇంకొక ప్యాకింగ్ వేసి మొత్తం బోరునే కాస్త ఎత్తాడు. కొలతలు కోయంబత్తూరులో రోడ్డు పందేల బళ్లు చేసే స్నేహితుడు పంపినవి.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆ అరుపుకు షెడ్డు ఉన్న పత్తి మార్కెట్ వీధంతా బయటికి వచ్చింది. "ఉస్తాద్‌ను మించినావప్పా" అన్నాడెవరో. ఓబులేసు కాదనలేదు.

ఉస్తాద్ తిరిగి వచ్చాక ఆకురాయి సంగతి చెప్పనూ లేదు. అలాంటి బోరు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. గుంతకల్లు పాత ఇనుము అంగడిలో దొరికిన ఆ ఒక్కటే ఉంది. అది పాడైతే ఇంజనే లేదు.

సోమవారం ప్లగ్గు మార్చాడు. మంగళవారం వెనక చక్రానికి పెద్ద పళ్ల చక్రం బిగించాడు. బుధవారం సైలెన్సరు గొట్టానికి జానెడు ముక్క అతికించి పొడుగు చేశాడు. ప్రతిసారీ క్వారీకి తీసుకెళ్లి తానే నడిపి చూశాడు. కొంచెం మెరుగైంది. అదివరకు దిబ్బ మొదట్లో ఆగేది, ఇప్పుడు రెండు బారలు ఎక్కి ఆగింది.

గురువారం పొద్దున ఓబులేసు వెళ్లి ఉస్తాద్ ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, కార్బొరేటర్ పెద్దది వేద్దామా?"

ఉస్తాద్ సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"వెయ్యి."

"వేస్తే ఎక్కుతాదా?"

"ఎక్కదు."

"మరి వెయ్యమంటివే."

"నువ్వు అడిగితివి గదా."

టీ తాగడం అయ్యాక ఉస్తాద్ లేచి, సైలెన్సరు విప్పమన్నాడు. విప్పిన చోట చిటికెన వేలు లోపలికి పెట్టి, కిటికీ అంచు చుట్టూ మెల్లగా తిప్పాడు. వేలు బయటికి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఆకురాయి కొత్తదా?"

ఓబులేసు నేల చూశాడు. "కొత్తదే."

"బాగా తెగుతాది."

తిట్టి ఉంటే ఓబులేసుకు తేలికగా ఉండేది. తిట్టలేదు కాబట్టి అతనే మాట్లాడడం మొదలుపెట్టాడు. కోయంబత్తూరు కొలతలు చెప్పాడు. ఆ కొలతలతో అక్కడ ఎన్ని బళ్లు గెలిచాయో చెప్పాడు. కిటికీ ఎంత ముందు తెరిస్తే పొగ అంత హాయిగా పోతుందని, పొగ అంత హాయిగా పోతే ఇంజను అంత తేలికగా తిరుగుతుందని, తప్పు ఇంకెక్కడో ఉండి ఉంటుందని చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఉస్తాద్ అడ్డు రాకుండా విన్నాడు.

షెడ్డు వాకిట్లో పాత జీపు గేరుబాక్సు ఒకటి నేల మీద పడి ఉంది. ఉస్తాద్ దాన్ని చూపించాడు.

"దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టు."

ఓబులేసుకు అది కొత్త పని కాదు. వెళ్లి వంగి రెండు చేతులూ వేశాడు.

"ఆగు. ఎత్తుతా ఎత్తుతా మీ ఊరి పేరు చెప్పు. బస్సు కండక్టరు పిలిచినట్టు పిలవాల. ఆపకూడదు."

"ఎందుకు ఉస్తాద్?"

"చెప్పినట్టు చెయ్యి."

ఎదురుగా లారీకి పత్తి బేళ్లు ఎత్తుతున్న హమాలీలు పని ఆపి చూస్తున్నారు. ఓబులేసుకు సిగ్గేసింది. అయినా గొంతెత్తాడు.

"ఆస్పరీ... ఆస్పరీ... ఆస్పరీ..."

గేరుబాక్సు జానెడు లేచింది. అక్కడి నుంచి పైకి రాలేదు. మూడో ఆస్పరికి చేతులు వదిలేశాడు. అది దభీమని పడింది.

హమాలీలు నవ్వారు. వాళ్ల పెద్ద లచ్చుమన్న బీడీ తీసి చెవి మీద పెట్టుకుంటూ అన్నాడు.

"ఓబులేసప్పా, మా ముఠాలో అయితే నువ్వు అందరికీ టీ తాపిచ్చాల. బేలు ఎత్తేటప్పుడు నోరు తెరిచినోడు ఆ పూట టీ తాపిచ్చాల్సిందే. మా తాతల కాడ్నుంచీ అంతే."

"ఎందుకట్లా?" అన్నాడు ఓబులేసు, కొంచెం కోపంగానే.

"ఎందుకేముంది? నోరు తెరిస్తే బేలు పక్కనోడి మీద పడతాది. ఆస్పరి బస్సు మాత్రం పోతాది."

మళ్లీ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు.

"ఇప్పుడు ఎత్తు," అన్నాడు. "ఊరి పేరు వద్దు."

ఓబులేసు వంగాడు. గాలి పీల్చాడు. నోరు బిగించాడు. గేరుబాక్సు మోకాళ్ల దాకా వచ్చింది, నడుము దాకా వచ్చింది, బల్ల అంచు మీదికి వచ్చింది. అప్పుడు నోట్లోంచి గాలి బుస్సున బయటికి వచ్చింది.

బల్ల మీద చేతులు అలాగే ఉంచి నిలబడిపోయాడు. లచ్చుమన్న ఏదో అంటున్నాడు, అది అతనికి వినిపించలేదు. బండి వైపు చూశాడు. బోరులోని ఆ కిటికీ వైపు చూశాడు.

"దమ్ము యాడ వదిలినావు?" అని అడిగాడు ఉస్తాద్.

"బల్ల మీద పెట్టినాక."

"అంతకుముందు?"

ఓబులేసు వెళ్లి పానాలు తెచ్చుకుని, బండి పక్కన కూర్చుని, ఇంజను విప్పడం మొదలుపెట్టాడు.

అరగదీసిన ఇనుము మళ్లీ అతకదు. అంచును కిందికి తేవాలంటే బోరునే కిందికి దించాలి. తాను అదనంగా వేసిన ప్యాకింగ్ తీసేశాడు. అది చాలలేదు. పిస్టన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ, కిటికీ ఎక్కడ తెరుచుకుంటుందో చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఎంత దించాలో ఉస్తాద్‌ను అడగలేదు. కోయంబత్తూరుకూ ఫోను చేయలేదు. తానే ఒక గీత గీసుకుని, బోరు అడుగు భాగాన్ని లేత్ మిషను మీద ఆ గీత దాకా చెక్కించాడు. బోరు దిగితే పిస్టన్ వెళ్లి బోరుకు మూతలా పైనున్న హెడ్‌కు తగులుతుంది. అందుకని హెడ్‌ను కూడా లోపల అంతే తొలిపించాడు.

శుక్రవారం సాయంత్రం బిగిస్తుంటే ఉస్తాద్ వెనక నిలబడ్డాడు.

"సీసం తీగ పెట్టి చూసినావా?"

పిస్టన్ మీద మెత్తని సీసం తీగ ముక్క పెట్టి ఇంజను ఒక చుట్టు తిప్పితే, తీగ ఎంత మందం మిగిలిందో హెడ్‌కూ పిస్టన్‌కూ మధ్య అంత ఖాళీ ఉన్నట్టు.

"రెండుసార్లు చూసినా."

"సరే." ఉస్తాద్ నమాజుకు వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు ముగ్గురూ క్వారీకి వెళ్లారు. ఎలీషా మోచేతికి ఇంకా కట్టు ఉంది. బండి స్టార్టు చేసి, ముఖం చిట్లించి, హెల్మెట్ తీసి చెవి ఒగ్గి విన్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

చదునులో బండి అదివరకంత పరుగెత్తలేదు. దూరం నుంచి చూస్తేనే తెలుస్తోంది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపులో బాగా నెమ్మదించింది. ఓబులేసు రెండడుగులు ముందుకు వేశాడు. పడితే పట్టుకుందామన్నట్టు చేతులు చాచి ఉన్నాయి, అంత దూరం నుంచి పట్టుకోలేనని తెలిసినా.

బండి దిబ్బకు ముక్కు ఆనించింది. దగ్గలేదు. అదివరకటి కీచు అరుపు కాదు, లోగొంతుకతో గుర్రుమంటూ, వెనక చక్రాలు ఎర్రమట్టిని తవ్వి వెనక్కి విసురుతుంటే, ఆగకుండా పైకి పోయింది. పైన ఒక్క క్షణం ఎలీషా వీపు ఆకాశానికి ఆని కనబడింది. తర్వాత అవతలికి దిగిపోయాడు.

చుట్టు తిరిగి వచ్చి మళ్లీ ఎక్కాడు. మూడోసారీ ఎక్కాడు. అప్పుడు వచ్చి వాళ్ల ముందు ఆపాడు.

"ఏందన్నా ఇది," అన్నాడు హెల్మెట్ తీసి. "సౌండే చచ్చిపోయింది. వడ్ల మిల్లు మాదిరి ఉంది. రేపు అంతమంది జనం వస్తారు, మన బండి వచ్చిందని ఎవురికన్నా తెలుస్తాదా?"

వారం కిందటైతే ఓబులేసు అతన్ని కూర్చోబెట్టి అరగంట చెప్పేవాడు.

"ఎక్కిందా లేదా?" అని మాత్రం అడిగాడు.

"ఎక్కింది. ఎక్కలేదంటున్నానా? అరుపు లేదంటున్నా."

ఓబులేసు వంగి బోరు మీద చెయ్యి ఆనించి వేడి చూస్తున్నాడు. ఉస్తాద్ రాయి మీద నుంచి లేచి లుంగీ దులుపుకున్నాడు.

"అరిచేదానికి రేపు జనం వస్తారులే ఎలీషా," అన్నాడు.